నా నెత్తురుకు చెవులెక్కువ

నా ముక్కు పోయిన సంగతి నాకంటే ముందు బస్సు కండక్టరుకు తెలిసింది.

ఎండుచేపల గంప పెట్టుకుని సూళ్లూరుపేట సంతకు పోతున్నాను. దారిలో జనం ఒక్కొక్కరే లేచి ముందుకు జరుగుతున్నారు. నా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. పెద్దదాన్నని మర్యాద చేస్తున్నారనుకుని కాళ్ళు చాపుకుని మహారాణిలా కూర్చున్నాను. ఇంతలో కండక్టరు ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఆ గంపలో ఏందో కుళ్ళినాది. జనం దిగిపోతామంటుండారు."

"కుళ్ళేదానికి అదేమన్నా టమాటానా? తాజా ఎండుచేప నాయనా."

"తాజాదో కాదో నువ్వే వాసన చూడక్కా."

చూశాను. గుప్పెడు నెత్తళ్ళ చేపలు తీసి ముక్కుకు ఆనించాను. ఏమీ లేదు. ముక్కులోకి దూర్చినంత పని చేశాను. అయినా ఏమీ లేదు. గాజు ముక్కని వాసన చూసినట్టుంది. నా ముఖం చూసి కండక్టరు గొంతు తగ్గించాడు. "సరేలే, కిటికీ దగ్గర పెట్టుకో" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు సంతలో నా గంప దగ్గరికి ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

మా వ్యాపారమంతా ముక్కులోనే ఉంటుంది. ఎండుచేపని కంటితో చూసి కొనేవాడు మునిగిపోతాడు. పైన తెల్లగా ఉప్పు పూసి ఉంటుంది, కడుపులో చెమ్మ పట్టి ఉంటుంది. పురుగు పడకుండా పొలాల మందు చల్లిన సరుకైతే ఇంకా అందంగా ఉంటుంది, పెళ్ళికూతురిలా మెరుస్తుంది, దాని మీద ఈగ కూడా వాలదు. ముక్కు దగ్గర పెట్టుకుంటేనే నిజం బయటపడుతుంది. ఒడ్డున చేపలు ఎండేసే వాళ్ళు నన్ను చూస్తే పాడైన కుప్ప మీద గోనెపట్టా కప్పేవాళ్ళు. పట్టా మీద నుంచే పసిగట్టేదాన్ని. అటువంటి ముక్కు పోయింది.

పోవడానికి ఒక లాభం ఉండిందని కూడా చెప్పాలి. అప్పటికి నా మొగుడు బతికే ఉన్నాడు. ఆయన సారా తాగి వచ్చి పక్కన పడుకుంటే, ముక్కు మందగించిన కాలంలోనే నాకు కాస్త కంటినిండా నిద్ర పట్టింది. ఆయన పోయాక ఆ లాభమూ లేకుండా పోయింది. మిగిలింది నష్టమే.

అప్పటి నుంచి వాసన చూసే పని మా వదిన చేతికి పోయింది. వదిన అంటే నా మొగుడి అక్క. ఆమెకూ మొగుడు లేడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే పొయ్యి, ఒకే వ్యాపారం. ఆమె కూతురు పక్కింట్లో కాపురం. ఆ కూతురి పెద్దబిడ్డ మాత్రం తిండీ నిద్రా అన్నీ మా ఇంట్లోనే. నేను బేరం చేసేదాన్ని, వదిన వాసన చూసేది. చిక్కేమిటంటే మా వదిన ముక్కుపొడి పీల్చే మనిషి. ఆ ముక్కులో వేరే వాసనకు చోటెక్కడుంది? నెత్తళ్ళు వాసన చూసినా, కానాగంతలు వాసన చూసినా, "బాగుండాదిమే, కమ్మగా ఉండాది" అనేది. ఆమెకు కమ్మగా ఉన్నది ఆమె పొడి. నాట్ల కాలంలో వరి పల్లెలకు తీసుకుపోయిన సరుకు సగం వెనక్కి వచ్చింది. ఒక రైతు భార్య చేపల్ని నా గంపలోకి తిరిగి పోస్తూ, "నువ్వు కూడానా అక్కా?" అన్నది. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టేదాన్ని. ఆ మాట మాత్రం నన్ను పొడిచింది. ముక్కు రాకపోతే నా గంప ఇంక లేవదని ఆ రోజే అర్థమైంది.

ముక్కుతో పాటు ఊపిరి కూడా మొరాయించేది. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో సూదిమందు వేసే ఆయన దగ్గర నొప్పి మాత్ర తెచ్చుకునేదాన్ని. మింగిన కాసేపటికి ముక్కు కారేది, కళ్ళు ఎర్రబడేవి, రొమ్ము బిగిసేది. ఇక్కడ రాకెట్టు లేస్తే కిటికీ రెక్కలు అదురుతాయి చూడండి, నా పక్కటెముకలు అట్లా అదిరేవి. మళ్ళీ ఆయన దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఆయన సూది వేసేవాడు. "ఎండుచేపల దుమ్ముమే, నీకు పడదు" అనేవాడు. పుట్టినప్పటి నుంచీ ఆ దుమ్ములోనే ఉన్నదాన్ని, ఇప్పుడు కొత్తగా ఏం పడదు? అయినా మోకాలు నొప్పి తగ్గేది కదా, మళ్ళీ అదే మాత్ర, మళ్ళీ అదే సూది. ఆయన ఒక్కడే మూడు పూటలా ఆరోగ్యంగా ఉండేవాడు.

ఒకసారి మరీ ఎక్కువై రైల్లో చెన్నై పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ముక్కులో దుర్మాంసం పెరిగిందని కోసి తీశారు. ద్రాక్షగుత్తిలా ఉందట. కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ గుత్తి కాసింది. రెండోసారి పోయినప్పుడు ఒక డాక్టరమ్మ చూసింది. అరవం మనిషి, తెలుగు మాత్రం ధైర్యంగా మాట్లాడేది. అంతవరకూ ఎవరూ అడగని మాట ఆమె అడిగింది.

"ఊపిరి ఆడనప్పుడు, దానికి ముందర ఏమి మింగినారమ్మా?"

"కూడు."

"కూడు తర్వాత?"

"నొప్పి మాత్ర."

"అంతకు ముందర సారి?"

ఆలోచించాను. అప్పుడూ అదే. దానికి ముందూ అదే. ఆమె పెన్ను కింద పెట్టింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత చెప్తాను, తప్పుంటే ఆ తప్పు నాది. ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ కొవ్వుతో గోడ ఉంటుందట. ఏదన్నా గిల్లితే ఆ గోడలోంచే కాస్త కొవ్వు తుంచి కణం ఒక రసం చేస్తుంది. ఆ రసం పేరు నా నోరు తిరగదు.

"హార్మోన్ మాదిరి పని చేస్తాదమ్మా. హార్మోను ఊరంతా తిరుగుతాది. ఇది మాత్రం పక్కిల్లు దాకానే పోతాది."

"పక్కింటి దాకా పోయేది చాడీ గదా డాక్టరమ్మా."

ఆమె నవ్వింది. "సరే, చాడీ అనుకో. రెండు రకాలు ఉండాది. ఒకటి చల్లార్చేది. ఇంకొకటి ఊపిరిగొట్టాన్ని బిగించేది, ముక్కుని వాపించేది. నీ నొప్పి మాత్ర ఆ చల్లార్చేదాన్ని చేయనీదు. అప్పుడు రెండోదానికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు."

"అంటే మంచిదాని నోరు మూసి, చెడ్డదాన్ని ఊరి మీద వదిలినట్టు."

"అదే. ఇంకొకటి విను. చాడీ చెప్తే సరిపోదు గదా, వినేవాళ్ళు కావాల. నెత్తురులో తెల్ల కణాలు ఉండాది, ఒంటికి కాపలా. వాటి మీద ఆ రసాన్ని పట్టుకునేవి ఉంటాయి, రిసెప్టర్లు అంటాం. చెవులు అనుకో. నీ మాదిరి వాళ్ళ ముక్కులో కణాలకు ఆ చెవులు జాస్తి. చిన్న చాడీకి కూడా పెద్ద గలాటా."

మా వీధి గుర్తుకొచ్చింది. మనిషికి రెండు చెవులే ఉన్నా ఊరంతా రచ్చ. ఇక ఒక్కొక్కరికి ఇరవై మొలిస్తే?

"మరి ఆ చెవులు కోసేదానికి కుదరదా?"

"కోసేది లేదు. తగ్గించేదానికి ఒక దారి ఉండాది. అదే మాత్ర."

నేను లేచి నిలబడ్డాను. చంపే మాత్రనే మందుగా ఇస్తానంటే ఎవరు కూర్చుంటారు? ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో తమ కళ్ళ ముందర చిటికెడుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచి, తర్వాత రోజూ మింగిస్తారట. నా నొప్పి మాత్ర కుటుంబంలోదే, గుండెజబ్బు వాళ్ళకు ఇచ్చే ఆస్పిరిన్. రోజూ అది ఒంట్లో పడుతుంటే ఆ చెవులు తగ్గుముఖం పడతాయట. చాడీ చాడీగానే ఉంటుంది, వినే నాథుడు ఉండడు. "ఇది ఒక్కటే కారణమని నేను ఒట్టు పెట్టను, ఇంకా తెలుసుకుంటా ఉండారు" అని కూడా అన్నది. డాక్టరు నోట తెలియదనే మాట విన్నాక ఆమె మీద నమ్మకం కుదిరింది.

ఆసుపత్రిలో చిటికెడు మాత్ర మింగించడం, గొట్టంలోకి ఊదించడం, కాసేపు కూర్చోబెట్టడం. మళ్ళీ ఇంకొంచెం. ఒక మోతాదు దగ్గర ముక్కు ధారగా కారింది, రొమ్ము పట్టేసింది. చుట్టూ మనుషులు మూగారు, మందు పొగ పీల్పించారు. నెమ్మదించాక అదే మోతాదు మళ్ళీ ఇచ్చారు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఏమీ కాలేదు. గలాటా చేసేవాళ్ళు అలిసిపోయి ఇంటికి పోయినట్టుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని చెప్పింది.

"రోజూ అన్నం తిని మింగాల. మానకూడదు. మానితే చెవులు మళ్ళీ వచ్చేస్తాయి. అప్పుడు ఇంట్లో ఒక్క మాత్ర కూడా ముట్టద్దు. నేరుగా ఇక్కడికి రా, మొదటి నుంచి చేస్తాము."

కొన్ని వారాలకు, మళ్ళీ చూపించుకుని చెన్నై నుంచి వస్తుంటే, వాసన తిరిగొచ్చింది. పువ్వుల వాసన మొదట వచ్చిందని చెప్తే బాగుంటుంది, కానీ మొదట వచ్చింది రైలు మరుగుదొడ్డి కంపు. పెట్టెలో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేనొక్కదాన్నే తలుపు దగ్గర నిలబడి ఆనందంగా ఏడ్చాను. ఎదురు సీటు ఆవిడ తన బిడ్డను దగ్గరికి లాక్కుంది.

ఇంటికి రాగానే పెట్టెలో దాచిన నా మొగుడి చొక్కా తీసి వాసన చూశాను. కలరా ఉండల వాసన వచ్చింది. బతికుండగా ఎప్పుడన్నా ఇంత శుభ్రంగా ఉన్నాడా? మడిచి లోపల పెట్టేశాను. కాసేపు ఆ సారా వాసనే కావాలనిపించింది, నా ముక్కుకు బుద్ధి లేదు.

సంతలో మళ్ళీ నా గంప లేచింది. ఒడ్డున పాడైన కుప్పల మీదికి మళ్ళీ గోనెపట్టాలు ఎక్కాయి. అంతా సర్దుకుంటోందనుకునేసరికి మా పిల్లకు, అంటే వదిన మనవరాలికి, అమ్మవారు పోసింది.

ఆటలమ్మ వచ్చిన ఇంట్లో ఎట్లా ఉంటారో తెలిసిందే. గుమ్మానికి వేపమండలు. తాలింపు వేయకూడదు. పొయ్యి మీద నూనె చిటపట అనకూడదు. చేప ఇంట్లోకి రాకూడదు. చేపలమ్ముకునే ఇంట్లో చేప రాకూడదంటే గంపలన్నీ వీధిలోకి పోయాయి. మందూ మాకూ ముట్టకూడదు. అది జబ్బుపడ్డ పిల్లకు మాత్రమేనని నేననుకున్నాను. మా వదిన భక్తి అంత చిన్నది కాదు. నా మాత్రల డబ్బా తీసుకుపోయి అమ్మవారి పటం ముందర పసుపు కుంకాల పళ్ళెంలో పెట్టింది.

"అమ్మ ఇంట్లో ఉండంగా ఎవురూ ఇంగిలీసు మందు మింగకూడదు. ఆమెకు కోపం వస్తాది."

"వదినా, అది నా ముక్కు. అమ్మవారికీ నా ముక్కుకీ ఏంది సంబంధం?"

"నీ ముక్కు యాడుండాది? ఈ ఇంట్లో గదా."

"డాక్టరమ్మ మానొద్దని చెప్పినాదే!"

"ఆ అరవామెకు మన అమ్మ సంగతి ఏం తెలుసు? నాలుగు నాళ్ళు ఓర్చుకోలేవా? బిడ్డను చూడు మే."

చూశాను. పిల్ల వేపాకుల మీద పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ముఖం నిండా నీటిపొక్కులు. నా చీర కొంగు పట్టుకుని, "అత్తవ్వా, గోకు" అంటోంది. గోకకూడదు. వేపమండతో నిమురుతూ కూర్చున్నాను. నేను ఒప్పుకున్నది భక్తితో కాదు. ఆ పిల్లకు ఏమన్నా అయితే, నా మాత్ర వల్లే అయిందని ఆ ఇంట్లో నలుగురూ బతికినన్నాళ్ళూ అనుకుంటారు. నేను కూడా అనుకుంటానేమో. అందుకే నోరు మూసుకున్నాను. పటం వైపు చూసి మాత్రం, "బిడ్డను వదిలి తొందరగా బయల్దేరు తల్లీ, ఇక్కడ ఇంకొకరికి పనుంది" అన్నాను. వదిన లెంపలు వేసుకుంది, తనవీ నావీ కలిపి.

పొక్కులు మాడాయి. జ్వరం దిగింది. పిల్లకు వేపాకు పసుపు నీళ్ళు తలకు పోసే రోజు వచ్చింది. పోశారు. చలిమిడి పంచారు. వదిన ముఖం వెలిగిపోతోంది. అమ్మవారికి హారతి ఇచ్చి, పళ్ళెం పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. పళ్ళెంలో తమలపాకు, ఆకులో బెల్లం ముక్క, బెల్లం పక్కన నా మాత్రలు ఒక గుప్పెడు. డబ్బాలోంచి తీసి, పేర్చి, పసుపు చల్లి తెచ్చింది.

"ఇంద, మింగు. తప్పిపోయినవన్నీ కలిపినాను. నీ బాకీ తీరిపోతాది."

మా ఇళ్ళల్లో అట్లాగే చేస్తాం. మొక్కుకున్న శుక్రవారాల పొంగళ్ళు వేటలో పడో, వానలో పడో తప్పిపోతే, అన్నీ కలిపి ఒక రోజు పెద్ద కుండ పెట్టేస్తాం. అమ్మ ఎప్పుడూ కాదనలేదు. వదిన నా మాత్రల్ని కూడా అదే కుండలో వేసింది. నన్ను ఆపినందుకు లోపల ఎంత నలిగిందో, ఆ పళ్ళెం పేర్చిన తీరులోనే తెలుస్తోంది. ఆ ప్రేమ చూసి నేను చెయ్యి చాచేశాను. ఆకు చేతిలోకి కూడా వచ్చింది.

నోట్లో వేసుకునే ముందు, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ సరుకైనా వాసన చూడకుండా తీసుకునే చెయ్యి కాదు ఇది. బెల్లం వాసన రాలేదు. తమలపాకు వాసన రాలేదు. తల ఎత్తితే హారతి కర్పూరం ఇంకా వెలుగుతోంది, పొగ నా ముఖం మీదికే వస్తోంది. కర్పూరం కూడా లేదు. బస్సులో నెత్తళ్ళు పట్టుకున్న రోజులాగే గాజు ముక్క.

అప్పుడు తట్టింది. కర్పూరమే తెలియనంతగా నా ముక్కు వాచిపోయిందంటే, కణాలకు చెవులన్నీ మళ్ళీ మొలిచి కూర్చున్నాయి. చాడీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాయి. నా చేతిలో ఉన్నది ఊరంతటికీ సరిపడే చాడీ. ఆకు పళ్ళెంలో పెట్టేశాను.

"వద్దు వదినా."

"అమ్మ ముందర పెట్టినదాన్ని వద్దంటావా?"

"ఇది మింగితే రేపు నాకు కూడా నీళ్ళు పోస్తారు. అవి వేపాకు నీళ్ళు కాదు, పాడె ఎక్కించే ముందర పోసే నీళ్ళు."

"నోట్లో మంచి మాట రాదు నీకు!"

"మానినాక ఇంట్లో ఒక్కటి కూడా ముట్టొద్దని చెప్పినాది ఆమె. నువ్వేమో గంపకెత్తినావు. చంపేదానికి ఇంత ముచ్చటగా పేర్చాల్నా?"

వదిన పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది. మాత్రల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ, "నేను నీ మంచికే గదమ్మే" అన్నది. ముక్కుపొడి పీల్చకుండానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూడటం అరుదు. "తెలుసులే. రైలుకు పోదాం పద, నువ్వు కూడా రా" అన్నాను.

ఈసారి చెన్నైలో వదిన నా మంచం పక్కనే కూర్చుంది. చిటికెడు చిటికెడుగా మొదలుపెట్టారు. ఒక మోతాదుకు నా ముక్కు కారి, ఊపిరి ఈల వేసేసరికి ఆమె లేచి గోడకు ఆనుకుంది. అది పావు మాత్ర కూడా కాదు. ఇంట్లో పళ్ళెంలో పేర్చిన గుప్పెడు ఆమె కళ్ళ ముందు కనిపించి ఉంటుంది. నాకు నెమ్మదించాక డాక్టరమ్మను అడిగింది.

"మళ్ళీ మా ఇంట్లో అమ్మ పోస్తే ఎట్లమ్మా?"

"అమ్మ వచ్చినా, అయ్య వచ్చినా, ఈమె మాత్ర మానకూడదు. పిల్లలకు మాత్రం ఇది ఇవ్వద్దు. జ్వరమైతే డాక్టరుకు చూపించండి." తర్వాత వదిన ముక్కు కింద నల్లటి మరక చూసి, "మీరు ఆ పొడి మానాల" అన్నది. వదిన అరవం రానట్టు కిటికీలోంచి చూసింది. ఆ మాట ఆమె చెప్పింది తెలుగులోనే.

అమ్మవారు మా ఊళ్ళో ఒక్కింటితో పోయే రకం కాదు. కొన్నాళ్ళకు పిల్ల తమ్ముడికి, పక్కింట్లో, పోసింది. వాడినీ మా ఇంటికే తెచ్చారు. మళ్ళీ వేపమండలు, మళ్ళీ తాలింపు లేని చారు. పిల్లవాణ్ణి ఈసారి డాక్టరుకు చూపించారు, వేపాకులు కూడా పరిచారు. నేను పొద్దున అన్నం తిని, ఏం గొడవ వస్తుందోనని డబ్బా వైపు చూస్తున్నాను. వదిన దాన్ని నాకంటే ముందు తీసింది. వేపాకు మీద ఒక్కటంటే ఒక్క మాత్ర పెట్టి, పటానికి చూపించింది.

"ఇదిగో తల్లీ, నీ ముందరే ఇస్తుండా. దొంగతనంగా కాదు. కోపం వస్తే నా మీద రా. దాని ముక్కు జోలికి పోబాక, ఇంటికి కూడు పెట్టేది అదే."

తర్వాత మాత్రను వేలితో పట్టుకుని నా నోటి దగ్గరికి తెచ్చింది. నేను అలవాటు కొద్దీ వాసన చూశాను. వేపాకు చేదు వచ్చింది. దాని వెనకాలే ఘాటుగా ఇంకోటి వచ్చి, తుమ్ము ఆగలేదు.

"ఏందిమే? మళ్ళీ ఊపిరా?" అని వదిన హడలిపోయింది.

"ముక్కుపొడి కంపు. పోయి చేతులు కడుక్కొని తే."

ఆమె పటం వైపు తిరిగి, "చూసినావా తల్లీ, దీనికి ముక్కెందుకు ఇచ్చినావు?" అని గొణుగుతూ నీళ్ళతొట్టి దగ్గరికి పోయింది.